అనుమానాల సార్

సోషల్ సార్ పోయారని మా క్లాసు వాట్సాప్ గ్రూపులో వార్త పడినప్పుడు ఎవరూ ఏడవలేదు. అందరం అనుమానించాం. "ఎవరు చెప్పిన్రు?" అని ఒకడు పెట్టాడు. "చెప్పినోనికి ఎవరు చెప్పిన్రు?" అని ఇంకొకడు. "కండ్లార చూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని బిచ్కుంద స్రవంతి. మూడేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన మా చేత వల్లె వేయించిన ప్రశ్నలు ఆ మూడే. పరీక్షలో ఎప్పుడూ సరిగ్గా రాయలేకపోయాం. ఆయన చావు వార్త మీద మాత్రం ఒక్క తప్పు లేకుండా వాడేశాం.

ఒక మనిషి సంగతి తెలియాలంటే ముందుగా ఆ మనిషినే అడగాలన్నది ఆయన నాలుగో నియమం. నియమం నియమమే కాబట్టి నేను సార్ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"సార్ ఉన్నరా అమ్మా?"

"బాపు లేడన్నా."

"ఎటు పోయిన్రు?"

అడిగేశాక గాని నా నోరు ఏం వాగిందో నాకు తెలియలేదు. ఆ అమ్మాయి కోప్పడలేదు.

"పొద్దుగాల ఛాతిల నొప్పన్నడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దవఖానకు తోల్కపోతుంటే తొవ్వలనే అయిపోయింది. నువ్వు గూడ బాపు స్టూడెంటువేనా?"

"అవునమ్మా."

"పొద్దుగాలటి సంది నీది పదకొండో ఫోను. ఒక్కరన్న నమ్ముతలేరు. ఏం జెప్పిండన్నా మీకు మా బాపు?"

ఏం చెప్పారో నాకు అప్పుడు తోచలేదు. పాఠక మహాశయులకు విన్నవించుకునేది ఏమంటే, ఆ అమ్మాయికి ఫోన్‌లో ఇవ్వలేకపోయిన జవాబే ఇది.

మాది సైన్సు యూనివర్సిటీ. కామారెడ్డి బస్టాండు నుంచి ఆటోలో పోయేంత దూరం. అక్కడ గోడలకు కూడా సైన్సు వాసన వస్తుంది. అలాంటి చోట సమాజ శాస్త్రం అని ఒక పేపరు ఉండేది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. పెళ్ళిలో పెద్ద మేనమామను పిలిచినట్టు, పిలవకపోతే బాగుండదని పెట్టారేమో అనుకునేవాళ్ళం. శనివారం భోజనం తరువాత, పప్పు కడుపులో కుదురుకునే వేళకు ఆ పీరియడ్. రసాయనాల స్టోర్ రూము పక్కన ఒక గది. డిపార్ట్‌మెంటు అంటే ఆయన, ఒక బీరువా, తిరిగేటప్పుడు తనను తానే తిట్టుకునే ఒక ఫ్యాను.

రోజూ ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. భుజానికి గుడ్డ సంచి, అందులో టిఫిన్ డబ్బా, కాగితంలో చుట్టిన రెండు చాక్‌పీసులు. ప్రొజెక్టర్ ముట్టేవారు కాదు. క్లాసుకు రాగానే, "ఇయ్యాల బస్సుల ఒకాయన ఏమన్నడంటే" అని మొదలుపెట్టేవారు. యూరియా దొరకడం లేదని ఒకాయన అన్నాడు. ఆయనకు ఎవరు చెప్పారు? దుకాణందారు. దుకాణందారుకు అలా చెబితే లాభమా నష్టమా? నిజంగా దొరకనివాడు బస్సెక్కి తిరుగుతాడా, దుకాణం ముందు నిలబడతాడా? ఇలా గంటసేపు. అది పాఠమా, చాడీలా అని మాకు సందేహం.

అసలు సందేహం వేరే ఉండేది. ఆయన దగ్గర అరచేతిలో పట్టే నోట్‌పుస్తకం ఒకటి ఉండేది. మేము ఏదైనా అంటే తలూపి అందులో రాసుకునేవారు. మేనేజ్‌మెంట్‌కు మా గురించి చేరవేసేది ఈయనే అని హాస్టల్ మొత్తం తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించినవాడిని నేనే. ఒక రోజు ఆయన నీళ్ళు తాగడానికి బయటకు పోయినప్పుడు, దేశ ప్రయోజనాల దృష్ట్యా ఆ పుస్తకం తెరిచాను. పేర్లు లేవు. బెంచీలు ఉన్నాయి. "మొదటి బెంచి: అన్నిటికీ తలూపుతది, దేనికీ ఒప్పుకోదు." అది స్రవంతి. నా బెంచి కోసం వెతికాను. "మూడో బెంచి, కిటికీ పక్క: జోకులెక్కువ. ఏం దాస్తున్నడు?"

పుస్తకం మూసి యథాస్థానంలో పెట్టాను. ఆ వారం జోకులు వేయలేదు. వేయకపోతే దాస్తున్నట్టు ఇంకా బాగా తెలుస్తుందేమోనని మళ్ళీ మొదలుపెట్టాను.

మేము చేరినప్పటి నుంచే ఆ పేపరు తీసేస్తారని మాట ఉంది. దాని బదులు ఇంకో కోడింగ్ పేపరు పెట్టాలని అందరికంటే గట్టిగా అడిగేవారు మా నీటి ల్యాబు గైడ్ సార్. నిర్ణయించే కమిటీకి ఆయనే పెద్ద. "కొలవలేనిది చదువు కాదు" అనేవారు. సోషల్ సార్‌కు రిటైర్మెంటు దగ్గర పడింది. ఈ పేపరు వల్ల ఉపయోగమేమిటో ఒక పేజీలో రాసివ్వమని కమిటీ ఆయన్ని అడిగింది. నెలలు గడిచినా ఆయన ఇవ్వలేదు.

"రాసియ్యొచ్చు గద సార్," అని స్రవంతి ఒకసారి అడిగింది.

"కూసుంటున్న బిడ్డా. రాయొస్తలేదు. ఉప్పు ఉపయోగం రాయమంటే ఏం రాస్తం? లేకుంట వండి పెట్టాలె." సంచి భుజాన వేసుకుంటూ అన్నారు, "నేను పోతా, రిటైర్ గానోడు ఎవడున్నడు? నాతోని ఈ పేపరు పోవద్దు. గంతే నా ఆశ."

ఆయన ఆశపడ్డ మాట నేను విన్నది అదొక్కటే. విన్నప్పుడు కూడా, ఇందులో ఈయనకేం లాభం అని అనుమానించాను. ఆయన నేర్పిన చదువే కదా.

ఇక రంజన్ సంగతి.

చివరి ఏడాది ప్రాజెక్టు కింద నేనూ స్రవంతీ గైడ్ సార్ దగ్గర చేరాం. ఆయన ఒక డబ్బా తయారు చేశారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. వ్యవసాయ బావి మీద అడ్డంగా పెట్టిన ఇనుప పైపుకు దాన్ని బిగిస్తే, కిందికి చూసి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి, లోపలున్న సిమ్ ద్వారా ల్యాబుకు పంపుతుంది. ఎల్లారెడ్డి దాటాక లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో ఆరు బావులకు బిగించాం. ఐదు బావుల్లో నీళ్ళు ఎండకాలానికి తగ్గట్టు దిగిపోతున్నాయి. ఆరో బావిలో మాత్రం పైనుంచి జానెడు లోతులోనే ఉన్నాయి. పొద్దున నిండుగా. సాయంత్రానికి కొంచెం తగ్గుతాయి. తెల్లారేసరికి మళ్ళీ నిండుతాయి. మండుటెండల్లో కూడా.

మొదట డబ్బా చెడిపోయిందనుకున్నాం. ప్రోగ్రాము మూడుసార్లు తిరగరాశాను. ల్యాబులో పరీక్షించిన ప్రతి డబ్బా సరిగ్గానే కొలుస్తోంది. చివరికి గైడ్ సార్‌కు ఒక వెలుగు వచ్చింది. ఆ బావి కింద రాతిలో ఏదో పగులు ఉంది, రాత్రిపూట ఊట పైకి తన్నుతోంది అన్నారు. దాని మీద పత్రం రాయడం మొదలుపెట్టారు. ఆ పల్లెకు నీటి కొరత లేదని పై ఆఫీసుకు పోయే నివేదికలో కూడా ఒక వాక్యం చేర్చారు.

స్రవంతితో కలిసి ఆ గ్రాఫు తీసుకుపోయి సోషల్ సార్‌కు చూపించాను. గొప్ప కోసమే చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూశారు.

"పొద్దుగాల నిండుతది, మాపటికి తగ్గుతది. ఆదివారం జరంత ఎక్కువ తగ్గుతది. రాయికి ఆదివారం ఎట్ల తెలుస్తదిరా?"

అన్ని రోజులు చూశాం, ఆదివారాన్ని ఎవరం చూడలేదు.

"మిషిన్‌ను అడిగిన్రు, రాయిని అడిగిన్రు. బావి ఎవలదో వాళ్ళను అడిగిన్రా?"

మరుసటి శనివారం క్లాసు మానేసి, అంటే ఆయనే మాన్పించి, ముగ్గురం బస్సెక్కాం. ఆరో బావి ఒక అవ్వది. బావి గట్టున చిన్న కొట్టం, గోడకు చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. మమ్మల్ని చూడగానే అవ్వ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. బావి మీది పైపుకు డబ్బా లేదు. నేను నోరు తెరవబోతే సార్ నా చెయ్యి నొక్కారు. గట్టున కూర్చుని, అవ్వ గంపలో ఉన్న చింతకాయలు తీసుకుని పెచ్చులు ఊడదీయడం మొదలుపెట్టారు. ఏమీ అడగలేదు. అరగంట దాటింది. నాకు విసుగొచ్చి, "అవ్వా, తాగనీకి నీళ్ళియ్యవా?" అన్నాను.

అవ్వ సార్ వైపు చూసింది. సార్ చింతకాయ ఒలుచుకుంటున్నారు. చివరికి అవ్వ పక్కకు జరిగింది.

కొట్టంలో మూలకు నీళ్ళ రంజన్ ఉంది. ఆ మట్టికుండ మూతి మీద, మూతకు బదులు, మా యూనివర్సిటీ వారి డబ్బా బోర్లించి ఉంది. పచ్చ లైటు మినుకు మినుకుమంటూ ల్యాబుకు సమాచారం పంపుతోంది. అవ్వ పొద్దున్నే రంజన్ నింపుతుంది. పగలు తాగుతారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చుట్టాలు వస్తారు కాబట్టి ఎక్కువ తాగుతారు. గైడ్ సార్ కనిపెట్టిన ఊట ఇదీ.

స్రవంతి చున్నీ నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం మండింది. మూడుసార్లు ప్రోగ్రాము రాసింది నేను.

"ఏందవ్వా ఇది? బాయి మీద వెట్టింది తీసి కుండ మీద వెట్టినవా?"

"అరుస్తవేంది పిలగా? మీరే జెప్పిన్రు గద, ఇది నీళ్ళను జూస్తదని. సూడమని నీళ్ళ మీదనే వెట్టిన. పడేసిన్నా? పగులగొట్టిన్నా? సర్కారు సామానని భద్రంగ ఇంట్ల వెట్టుకున్న."

"మరి బాయి మీదికెల్లి ఎందుకు తీసినవ్?"

అవ్వ గుమ్మంలోంచి మోటరు వైపు చూసింది. అప్పుడు సార్ నోరు తెరిచారు. "మోటరు పక్కనే వెట్టిన్రు అవ్వా వీళ్ళు. నేనైతే గూడ తీస్తుంటి."

అంతే, అవ్వ బయటికొచ్చి గట్టున కూర్చుంది. "నువ్వే జెప్పు సారూ. మోటరు కాడ డబ్బ వెడితే ఏందనుకోవాలె? కరెంటు లెక్కవెట్టే మీటరని ఊరంత అంటున్నరు. ఎన్ని నీళ్ళు గుంజినమో లెక్క రాసి రేపు బిల్లు తెస్తరంట. నాకున్నదే ఎకరం మడి. ఈ పిలగాడు ఆనాడొచ్చి బిగించుకుంట ఎందుకో జెప్పిండా? చెవుల వైర్లు వెట్టుకొని పాటలు వినుకుంట బిగించిండు."

నిజమే. పాటలు వింటూనే బిగించాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపు దాకా నడక. నేను ఇంకా గునుస్తూనే ఉన్నాను. "అయినా అబద్ధం అబద్ధమే సార్. ఇంత మోసమా?"

సార్ నడుస్తూనే అడిగారు. "హాస్టల్ ఫారంల మీ నాయిన ఏం పని జేస్తడని రాసినవ్ రా?"

మా ఊరు పిట్లం. అక్కడ మాకు సెంటు భూమి లేదు. మా నాయన ఇంకొకరి ట్రాక్టరు తోలుతాడు. ఫారంలో "వ్యవసాయం, సొంత భూమి" అని రాశాను. అదే చెప్పాను. అప్పటిదాకా ఈ సంగతి స్రవంతికి కూడా తెలియదు. ఆమె అప్పుడు ఆకాశంలోకి చూస్తూ నాలుగడుగులు ముందుకు పోయింది. మర్యాద తెలిసిన పిల్ల.

"రాసినప్పుడు మోసం జెయ్యాలెనని రాసినవా?"

"లేదు సార్."

"మరి?"

"భయమైంది."

"గదే. అబద్ధం దొరికితే తిట్టకు బిడ్డా. దాని ఎనుక భయం ఎక్కడున్నదో దేవులాడు. గదే నా పేపరు. దాండ్ల ఇంకేం లేదు."

మూడేళ్ళ సిలబస్సు ఆ మట్టిరోడ్డు మీద నాలుగు మాటల్లో అయిపోయింది. బస్సులో కూర్చున్నాక నాకు తెలివి వచ్చింది. సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"సార్! కమిటీ అడిగిన పేజీ దొరికింది. రంజన్ సంగతి ఉన్నదున్నట్టు రాసియ్యండి. గైడ్ సార్ పరువు పోతది, మన పేపరు నిలుస్తది. నేను గ్రూపుల వెడత. రేపటికల్లా యూనివర్సిటీ మొత్తం నవ్వుతది!"

"కూసో ముందు. పడుతవ్."

కూర్చున్నాను.

"గట్ల రాస్తే పేపరుంటది. కానీ ఆయన మళ్ళ జిందగీల ఆ ఊరికి పోడు. నవ్వినకాడికి ఎవడు పోడు. నువ్వు ఫారం సంగతి నాకు జెప్పినవ్ గని, నేను నవ్వుతనంటే చెప్తుంటివా?"

"మరి పేపరు పోతే?"

సార్ కిటికీ అద్దం జరిపారు. వద్దనడం ఆయనకు తేలిక కాదని అప్పుడు కూడా తెలిసింది. అంత ఆశపడ్డ వస్తువు చేతికి అందింది. అందిన చేతిని ఆయనే ముడుచుకుంటున్నారు.

"నిజం రాసి ఆయన ఒక్కనికే ఇయ్యిండ్రి. కవర్ల వెట్టి. వచ్చే శనారం నేనే తోల్కపోత అవ్వ కాడికి. ఆయన మంచోడేరా. ఎవ్వల్ని అడుగుడు అలవాటు లేదు, గంతే."

నేనూ స్రవంతీ సోమవారం కవరు ఇచ్చాం. గైడ్ సార్ మా ముందే చదివారు. ముఖంలో ఏమీ కనిపించలేదు. "వెళ్ళండి" అన్నారు. బుధవారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఆ వార్త వచ్చింది.

ఎల్లారెడ్డిలో దహనానికి మేము వెళ్ళేసరికి జనం ఉన్నారు. బస్సు కండక్టరు ఒకాయన పక్కన నిలబడి, "నా బండిల రోజొకల్ని అడుగుతుండె, ఎటు పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్ అని. గిప్పుడు నేనెవల్ని అడగాలె?" అన్నాడు. గైడ్ సార్ కూడా వచ్చారు. దూరంగా, కారు పక్కన నిలబడ్డారు. వచ్చింది దుఃఖంతోనా, ఆ కవరు సంగతి ఎవరెవరికి తెలుసో చూసుకోవడానికా అని నేను ఆయన్నే గమనిస్తూ ఉన్నాను. సార్‌ను చివరిసారి చూడవలసిన కళ్ళతో ఆయన్ని చూశాను. ఇది ఒప్పుకోవాలి.

రెండో రోజు యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. "తీరని లోటు" అన్నారు. తీర్చే ఉద్దేశం లేనప్పుడే లోటు తీరనిది అవుతుందని నా అనుమానం. సభ అయ్యాక గైడ్ సార్ నన్ను తన గదికి పిలిచారు. తలుపు వేశారు. కవరు బల్ల మీద ఉంది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికే సార్. సోషల్ సార్‌కు తెలుసు."

"గ్రూపులో పెట్టలేదా? నువ్వు?"

"సార్ వద్దన్నరు."

"ఆయన వద్దన్నారా?" నమ్మలేదు. "ఎందుకు వద్దన్నారు? ఆయనకు పనికొచ్చేది కదా ఇది?"

"మీరు మళ్ళీ ఆ ఊరికి పోరని."

గైడ్ సార్ కుర్చీలో వెనక్కి ఒరిగారు. కళ్ళద్దాలు తీసి తుడిచారు. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచారు. తరువాత నన్ను పొమ్మన్నారు.

ఆ శుక్రవారం నోటీసు బోర్డు మీద కొత్త టైంటేబుల్ అంటించారు. శనివారం మధ్యాహ్నం గడిలో కోడింగ్ ఉండదని పందెం కట్టడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. అంత ఖాయం అనుకున్నాం. గడిలో సమాజ శాస్త్రం అనే ఉంది. పక్కన, వేరే అధ్యాపకుడు వచ్చేవరకు అని రాసి, గైడ్ సార్ పేరు ఉంది.

"ఏమై ఉంటది?" అంది స్రవంతి.

"భయపడ్డడు. మనం బయట పెడతమని."

"అయితే కావచ్చు. భయమైతే మాత్రం ఏంది, తప్పా?" అని ఆమె నన్ను చూసింది. నాకు నా ఫారం గుర్తొచ్చింది.

శనివారం ఆయన క్లాసుకు వచ్చి, చాక్‌పీసు ముట్టుకోకుండా, "బస్సు ఎక్కడ ఎక్కాలి?" అని మమ్మల్నే అడిగారు. కారు వద్దన్నారు. క్లాసులో సగం మందిమి వెళ్ళాం. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. గైడ్ సార్ చెప్పులు విడిచి, నులక మంచం అంచున కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకున్నారు.

"ఆ సారు రాలే?" అంది అవ్వ.

"పోయిండవ్వా," అంది స్రవంతి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత గైడ్ సార్ వైపు తిరిగింది. "డబ్బ నీదేనా బిడ్డా?"

"నాదే అవ్వా. తప్పు కూడా నాదే. నిన్ను అడగలేదు. నువ్వు భయపడతావని నాకు తోచలేదు."

"నాకు భయమున్నదని ఒప్పుకున్న గద. మరి నీకేం భయం లేదా?"

క్లాసు మొత్తం పెన్నులు పట్టుకుని సిద్ధంగా ఉంది. గైడ్ సార్ మమ్మల్ని ఒకసారి చూశారు, నేలను చూశారు. ఆయన లేచి వెళ్ళిపోతారని నేను అనుకున్నాను. వెళ్ళలేదు. చాలా చిన్న గొంతుతో, తన భయం సంగతి చెప్పడం మొదలుపెట్టారు. స్రవంతి తన పుస్తకం మూసింది. ఒకరి తరువాత ఒకరం అందరం మూశాం. కొట్టం నీడ మెల్లగా బావి గట్టు దాకా సాగింది. ఆయన చెప్తూనే ఉన్నారు. అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నమ్మాలా వద్దా అన్నట్టు ఆయన ముఖంలోకే చూస్తూ వింటోంది.